పాంప్లెట్ ఎవరి చేతికి చేరుతోంది?

కొత్తగా దుకాణం తెరిచేవాళ్లు ముందు బోర్డు రాయిస్తారు. ఆ వెంటనే వెళ్లేది డీటీపీ సెంటర్‌కి. టైలరింగ్ షాపైనా, ట్యూషన్ సెంటరైనా, ల్యాబైనా, కర్రీ పాయింటైనా వరస ఇదే. మల్టీకలర్‌లో అయిదు వేల పాంప్లెట్లు కొట్టిస్తారు. డిజైన్ దగ్గర రెండు రోజులు కూర్చుంటారు, కాగితం మందం పట్టి చూస్తారు, రేటు దగ్గర గట్టిగా బేరమాడతారు. కట్టలు చేతికొచ్చాక మాత్రం ఇద్దరు కుర్రాళ్లకి అప్పగించి "పంచేయండి" అని ఊరుకుంటారు. ఈ వ్యవహారమంతటిలో నాకు కనిపించే పెద్ద లోపం ఇదే. అచ్చు మీద పెట్టే శ్రద్ధలో సగమైనా అందులో రాసే మాటల మీదా, అది వెళ్లే గుమ్మాల మీదా పెడితే చిన్న వ్యాపారికి పాంప్లెట్ ఇప్పటికీ గట్టి ఆసరా. పెట్టకపోతే అయిదు వేల కాగితాలూ దండగ.

ఆఫ్‌సెట్ రాకముందు ఈ పని ట్రెడిల్ మెషీన్ల మీద నడిచేది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చి, గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగుల పల్చటి కాగితం మీద నల్ల సిరాతో అచ్చేసేవారు. రంగులు కలిపి అచ్చేయడం ఖర్చు కాబట్టి ఆ రంగేదో కాగితంలోనే తెచ్చుకునేవారు. సినిమా బండి వెనక పిల్లలు పరుగెత్తి ఏరుకున్నవి ఆ కాగితాలే. నాటక సమాజాలకీ, సర్కస్ కంపెనీలకీ అవే దిక్కు. కంపోజింగ్ శ్రమతో కూడిన పని కనక ఏ హాలు, ఏ సినిమా, రోజుకి ఎన్ని ఆటలు అన్నంత వరకే చెప్పేవారు. ఆ క్లుప్తత ఇప్పుడు పోయింది. పంచే చోటు ఎంచుకోవడం కూడా పాతవాళ్లకి తెలుసు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీలకి వచ్చినవాళ్లకి దాన్ని ఉచితంగా పంచిపెట్టారు. కాగితం బదులు సరుకే పంచారు. ఎక్కడ పంచాలో ముందే ఎంచుకున్నారన్నది ఈనాటి వ్యాపారికి పనికొచ్చే సంగతి.

అసలు పాంప్లెట్ ఎవరికి అవసరం? ఖాతాదారు ఇంటి నుంచి నడిచో, బండి మీద అయిదు నిమిషాల్లోనో వచ్చే వ్యాపారాలకి. కర్రీ పాయింట్, మెస్, ఇస్త్రీ, ప్లే స్కూలు, ట్యూషన్, పిల్లల డాక్టరు, మంచినీళ్ల ప్లాంటు, బ్లౌజులు కుట్టే టైలరు: వీళ్లందరికీ కావలసింది చుట్టుపక్కల వెయ్యి ఇళ్లు మాత్రమే. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ సంగతి వేరు. ఆయన ఖాతాదారులు ఊరంతా చెదిరి ఉంటారు, జీవితంలో ఒకటి రెండు సార్లే ఆయనతో పని పడుతుంది. ఆయనకి అయిదు వేల పాంప్లెట్ల కంటే కల్యాణ మండపం మేనేజరుతో పరిచయం నయం. కాలం కూడా చూసుకోవాలి. స్కూళ్లకి ఏప్రిల్ నుంచి జూన్ దాకా, బట్టల షాపులకి ఆషాఢం తగ్గింపులప్పుడూ, దసరా, సంక్రాంతి ముందూ. ఆ రోజుల్లో అందరూ పంచుతారు కాబట్టి చిన్నవాడి కాగితం పెద్దవాళ్ల కాగితాల కింద పడిపోతుంది. పండగకి పది రోజుల ముందే పంచినవాడిది కంటపడుతుంది.

ఇక రాత. హైదరాబాద్ కాలనీల్లో పంచే ఒక కర్రీ పాయింట్ పాంప్లెట్ నా ముందుంది. పైన వెంకటేశ్వరస్వామి బొమ్మ. కింద ఎరుపూ పసుపూ కలిపి ఉబ్బెత్తుగా షాపు పేరు. మధ్యలో ఇంటర్నెట్ నుంచి దింపుకున్న ఫొటో: నాన్ రొట్టెలు, పనీర్ బటర్ మసాలా. ఆ షాపులో అమ్మేది పప్పు, సాంబారు, వేపుళ్లు, రోటి పచ్చళ్లు. ఆ కింద చిన్న అక్షరాల్లో ముప్పయికి పైగా ఐటమ్స్. "రుచికి, శుచికి మారుపేరు", "మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు", "త్వరపడండి" అన్న మూడు ముక్కలు మాత్రం పెద్దవిగా ఉన్నాయి. షాపు ఎన్నింటికి తెరుస్తారో లేదు. ఒక్క ధరా లేదు. చిరునామా "మెయిన్ రోడ్" అని ఉంది. ఫోన్ నంబరు పసుపు మీద తెల్లటి అక్షరాల్లో అడుగున నలిగిపోయింది.

ఆ కర్రీ పాయింట్ నడిపే ఇంటావిడ పొద్దున్నే లేచి ఎంతో శ్రమపడి వండుతూ ఉంటారు. ఆ శ్రమలో ఏదీ ఈ కాగితంలోకి రాలేదు. ఆఫీసు నుంచి ఏడింటికి ఇంటికొచ్చే మనిషి అడిగేవి నాలుగే: ఏం దొరుకుతుంది, ఎంతకి, ఎక్కడ, ఎప్పటిదాకా. "సాయంత్రం 6 నుంచి 10 వరకు. పప్పు, కూర, వేపుడు, సాంబారు, ఒక రోటి పచ్చడి ప్రతిరోజూ. ఆదివారం నాటుకోడి పులుసు. హనుమాన్ గుడి ఎదురు సందులో మూడో ఇల్లు" అని రాసి, పక్కన ధర వేస్తే చాలు. పాంప్లెట్ దాని పని అది చేస్తుంది. ఫొటో కావాలనుకుంటే వాళ్ల కౌంటర్ మీది గిన్నెల్నే పగటి వెలుతురులో తీయించుకోవచ్చు. గుడి, స్కూలు, వాటర్ ట్యాంకు లాంటి గుర్తు ఒకటి చెప్పడం ఇంటి నంబరు కంటే మేలు. మన కాలనీల్లో ఎవరూ ఇంటి నంబరు పట్టుకుని వెతుక్కోరు.

దేవుడి బొమ్మ గురించి ఒక మాట. భక్తితోనే వేయిస్తారు, కాదనను. కానీ ఆ కాగితం సాయంత్రానికి రోడ్డు మీద కాళ్ల కింద పడుతుంది. తీసి చెత్తలో వేయడానికి చెయ్యి రాక, ఇంట్లో దాచుకోలేక ఇబ్బందిపడే పెద్దవాళ్లు చాలామంది. బోర్డు మీద, షాపులో స్వామి ఉండనివ్వండి. నేల మీద పడే కాగితం మీద వద్దు.

"అడ్మిషన్లు జరుగుచున్నవి", "సరసమైన ధరలకు లభించును" లాంటి వాక్యాలు ట్రెడిల్ కాలం నుంచి అలాగే వస్తున్నాయి. తప్పేమీ లేదు, కానీ వాటి మీద కన్ను ఆగదు. "ఆరో తరగతి లెక్కలకి ఇంకా నాలుగు సీట్లున్నాయి" అన్న వాక్యం మీద ఆగుతుంది. వెనకవైపు ఖాళీగా వదిలేయడం కూడా నష్టమే. అక్కడ దగ్గరి స్టాపులో ఆగే ఆర్టీసీ బస్సుల వేళలో, పదో తరగతి పరీక్షల టైంటేబులో, ఏకాదశి తిథులో అచ్చేస్తే ఆ కాగితం ఫ్రిజ్ మీదికి చేరుతుంది. దుకాణాలు క్యాలెండర్లు పంచడంలోని కిటుకు ఇదే. పేరు ఏడాదంతా గోడ మీద ఉంటుంది.

తెలుగు అచ్చుకి ఉన్న చిక్కులు ఇంగ్లీషు పాంప్లెట్‌కి లేవు, వీటి గురించి ఎవరూ వ్యాపారికి చెప్పరు. యజమాని ఫోన్‌లో యూనికోడ్ తెలుగులో మ్యాటర్ టైపు చేసి వాట్సాప్‌లో పంపుతాడు. డీటీపీ ఆపరేటర్ చాలాచోట్ల ఇప్పటికీ అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లోనో కోరల్ డ్రాలోనో పనిచేస్తాడు. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. అందుకని మ్యాటరంతా మళ్లీ కొడతాడు. తప్పులు ఎక్కువగా దూరేది ఈ రెండో టైపింగ్‌లోనే. కన్వర్టర్లున్నాయి గానీ వాటితో అక్కడక్కడా ఒత్తులు చెదురుతాయి. యూనికోడ్ పాఠాన్ని నేరుగా ఫొటోషాప్‌లోనో ఇన్‌డిజైన్‌లోనో వేసేటప్పుడు భారతీయ భాషల సెట్టింగు పెట్టకపోతే ఒత్తు అక్షరం కింద నుంచి పక్కకి జరిగి నిలబడుతుంది. ఇప్పుడు మంచి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన వాటిలో మండలి, ఎన్‌టీఆర్ లాంటివి చదివే పాఠానికీ, రామభద్ర శీర్షికకీ బాగుంటాయి. వీటిలో పనిచేసే ఆపరేటర్ని వెతుక్కోవడం వల్ల వచ్చే లాభం, యజమాని పంపిన మ్యాటర్ మళ్లీ టైపు చేయకుండానే అచ్చుకి వెళ్లడం.

వరసల మధ్య ఎడం కూడా మన లిపికి ప్రత్యేక సమస్యే. పై వరసలోని ఒత్తు కింది వరసలోని గుడికి తగిలితే "స్త్రీ", "రాష్ట్ర" లాంటి మాటలు నల్ల ముద్దలవుతాయి. చోటు చాలదని వరసలు దగ్గరికి నొక్కేయడం కంటే నాలుగు మాటలు తీసేయడం మంచిది. ముదురు రంగు మీద సన్నటి తెల్ల అక్షరాలు అసలు వద్దు. నాలుగు రంగుల్లో ఏ ఒక్కటి వెంట్రుక వాసి జరిగినా ఆ సన్న గీతల్లోకి సిరా పాకుతుంది. నల్ల అక్షరాలు ఒక్క నల్ల సిరాతోనే వచ్చేలా ఫైలు చేయమని అడగాలి. నాలుగు రంగులూ కలిపి చేసిన నలుపు చిన్న అక్షరాల్లో మసకబారుతుంది.

ప్రూఫు ఫోన్ తెర మీద చూసి "ఓకే" కొట్టేయడం ఇప్పటి అలవాటు. అది చాలదు. ఇంటి ప్రింటర్ మీదో జిరాక్స్ షాపులోనో అసలు సైజులో ఒక కాపీ తీయించి, ఆ వ్యాపారం సంగతి తెలియని మనిషి చేత బిగ్గరగా చదివించాలి. ఫోన్ నంబరును చూసి చదవడం కాదు, కాగితం మీది అంకెలు నొక్కి రింగ్ చేసి చూడాలి. తేదీ, వారం సరిపోయాయో లేదో క్యాలెండర్‌తో పోల్చాలి. ప్రారంభోత్సవాల పాంప్లెట్లలో తేదీ ఒకటి, వారం మరొకటి పడటం చాలా మామూలు తప్పు.

కాగితం, సైజు సంగతికి వస్తే లెక్క తేలిక. మన ప్రెస్సుల్లో 1/8 డెమ్మీ అనేది సుమారు 9 అంగుళాల పొడవు, 5.75 అంగుళాల వెడల్పు. 23 × 36 అంగుళాల డబుల్ డెమ్మీ షీటులో అలాంటివి 16 వస్తాయి. 500 షీట్ల రీముకి తరుగు పోనిచ్చి దాదాపు 8,000. ఏ5 సైజు ఇంచుమించు ఇంతే, 148 × 210 మిల్లీమీటర్లు. 90 జీఎస్ఎం (చదరపు మీటరుకి 90 గ్రాముల) ఆర్ట్ పేపర్ మీద ఏ5 పాంప్లెట్ ఒక్కొక్కటి 3 గ్రాములకి కాస్త తక్కువ, వెయ్యి కలిపి 2.8 కిలోలు. 130 జీఎస్ఎం అయితే 4 కిలోలు దాటుతుంది. చేత్తో పంచే కాగితానికి 90 చాలు. పేపర్లో పెట్టించేదైతే ఇంకా పల్చటిదైనా ఫర్వాలేదు. ఒకటే రంగులో, పెన్నుతో రాసుకోవడానికి వీలుండాలంటే 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో. మెరుపు చూసి మందపాటి కాగితం తీసుకున్నవాళ్లు ఆ తేడా డబ్బుని ఇంకో వీధిలో పంచడానికి వాడుకోవచ్చు.

ఆఫ్‌సెట్‌లో ఖర్చంతా మొదటి కాపీలోనే ఉంటుంది. రంగుకొకటి చొప్పున నాలుగు ప్లేట్లు, మెషీన్ మీద రంగులు కుదిరేదాకా పోయే కాగితం, ఆపరేటర్ సమయం. ఇవన్నీ వెయ్యికైనా, అయిదు వేలకైనా ఒకటే. అందుకే "మరో వెయ్యి వేయించుకోండి సార్, పెద్ద తేడా లేదు" అంటారు. నిజమే, కాని ఆ మాట నమ్మి వేయించిన కట్టల్లో సగం కౌంటర్ కింద ఉండిపోతాయి, ఆ లోపు ధర మారుతుంది, లేదా నంబరు మారుతుంది. ఇప్పుడు నగరాల్లో చాలామంది పనుల్ని ఒకే పెద్ద షీటు మీద కలిపి అచ్చేస్తున్నారు కాబట్టి వెయ్యి కాపీలు కూడా చవగ్గానే వస్తాయి. దీనికి మూల్యం ఏమిటంటే సైజూ కాగితమూ వాళ్లు చెప్పిందే, మీ పాంప్లెట్ కోసం రంగులు ప్రత్యేకంగా సరిచేయరు. చిన్న ఊళ్లలోని డిజైనర్లు ఫైలు విజయవాడకో హైదరాబాద్‌కో పంపి, కట్టలు ఆర్టీసీ కార్గోలో తెప్పించుకునేది ఈ పద్ధతిలోనే. రెండు మూడు వందలు చాలనుకుంటే కలర్ జిరాక్స్ లాంటి డిజిటల్ ప్రింటింగే దారి. మొదటిసారి పంచేవాళ్లు వెయ్యితోనే మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

తెర మీద మెరిసే చిలకాకుపచ్చ, నారింజ రంగులు కాగితం మీద కాస్త వెలవెలబోతాయి. అది ప్రెస్సు తప్పు కాదు. వెలుతురు రంగులు వేరు, సిరా రంగులు వేరు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు పనికిరావు. అవి పంపేటప్పుడే కుంచించుకుపోతాయి. ఫొటోని డాక్యుమెంట్‌గా పంపించమనాలి. కటింగ్‌లో కాగితం పోయే అవకాశం ఉంటుంది గనక బ్యాక్‌గ్రౌండ్ రంగు చుట్టూ 3 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి, అక్షరాలేమో అంచుకి దూరంగా ఉండాలి.

పాంప్లెట్ అడుగున చీమంత అక్షరాల్లో ప్రెస్సు పేరు, ఊరు కనిపిస్తాయి కదా, అది 1867 నాటి చట్టం పెట్టిన షరతు. అచ్చయిన ప్రతి కాగితం మీదా ముద్రించినవారి పేరు, చోటు ఉండాలని అప్పటి ప్రెస్ చట్టం చెప్పింది. 2024 మార్చి 1 నుంచి దాని స్థానంలో పత్రికల మీదే దృష్టి పెట్టిన కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఎన్నికల కరపత్రాలకి మాత్రం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఏ సెక్షన్ ఇప్పటికీ గట్టిగా ఉంది. ముద్రించినవారి పేరూ, ప్రచురించినవారి పేరూ చిరునామాలతో సహా లేకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

వ్యాపార పాంప్లెట్లలో మూడు రకాల వాళ్లు బాగా జాగ్రత్తగా ఉండాలి. ప్లాట్లు అమ్మేవాళ్లు మొదటివారు. 500 చదరపు మీటర్లు గానీ, 8 ఫ్లాట్లు గానీ మించిన ప్రాజెక్టును స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు చేయించకుండా ప్రకటించకూడదు. నమోదు సంఖ్యా, రెరా వెబ్‌సైటు చిరునామా ప్రకటనలో ఉండాలి. చేతికిచ్చే కాగితం కూడా ప్రకటనే. అందులో చెప్పింది అబద్ధమై కొన్నవాళ్లు నష్టపోతే పరిహారం చెల్లించాలి. రెండోది వైద్యం. షుగర్, క్యాన్సర్ లాంటి జబ్బులు నయం చేస్తామని మందుల గురించి ప్రకటించడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. బస్టాండ్లలో పంచే కాగితాల్లో ఇది రోజూ ఉల్లంఘన అవుతూనే ఉంది, దానివల్ల నిజంగా జబ్బుపడ్డవాళ్లు ఇన్సులిన్ మానేసే ప్రమాదం ఉంది కాబట్టి దీన్ని చిన్న విషయంగా చూడలేను. మూడోది కోచింగ్. 2024 నవంబరు 13న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ర్యాంకు వచ్చిన విద్యార్థి ఫొటో వేయాలంటే ర్యాంకు వచ్చిన తర్వాత రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఆ విద్యార్థి తమ దగ్గర ఏ కోర్సు చదివాడో కూడా చెప్పాలి. అన్ని సంస్థల పాంప్లెట్లలోనూ ఒకే పిల్లవాడి ముఖం కనిపించిన రోజులు చూసినవాళ్లకి ఇది ఎంత అవసరమో తెలుసు.

అన్నిటికంటే తక్కువ ఆలోచించేది పంపిణీ గురించి. న్యూస్‌పేపర్లో పెట్టించడం పాత పద్ధతి. ముందు రోజు రాత్రి ఏజెంటుకి కట్టలిస్తే, తెల్లవారుజామున పేపర్లు విడదీసే చోట కుర్రాళ్లు ఒక్కొక్కదానిలో దూరుస్తారు. ఒక్క ఉదయంలో ఏరియా అంతా పూర్తవుతుంది, అదీ సుఖం. కానీ పేపరు వేయించుకునే ఇళ్లు కోవిడ్ తర్వాత బాగా తగ్గాయి. మిగిలినవాటిలో ఎక్కువ పెద్దవాళ్లున్న ఇళ్లు. కళ్ల డాక్టరుకి, చీరల షాపుకి, ల్యాబుకి అది కలిసొచ్చేదే. జిమ్‌కి, హాస్టల్‌కి, మెస్‌కి పనికిరాదు, ఎందుకంటే అద్దెగదుల్లో ఉండే కుర్రాళ్లు పేపరు వేయించుకోరు. ఆదివారం పెట్టిస్తే అందరూ ఆ రోజే పెట్టిస్తారు కాబట్టి పేపరు దులపగానే పాంప్లెట్లన్నీ ఒకేసారి కిందపడతాయి. మంగళవారమో బుధవారమో మేలు.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ నడిచినవాళ్లకి ఇంకో పద్ధతి తెలుసు. మెట్రో స్టేషన్ మెట్లు దిగగానే సాఫ్ట్‌వేర్ కోర్సుల కాగితాలు చేతిలో పడుతుంటాయి. పైకి చూస్తే వృథాగా కనిపిస్తుంది గానీ అక్కడ అది సరైన పద్ధతే. ఆ మెట్లు దిగేవాళ్లలో కోర్సు వెతుక్కుంటూ వచ్చినవాళ్లు చాలామంది. అదే కాగితం కాలనీ గేట్ల మీద వేస్తే ఫలితం ఉండదు. మన సరుకు కోసం మనిషి ఇప్పటికే ఎక్కడ నిలబడి ఉన్నాడో అక్కడ ఇవ్వాలి: టిఫిన్లకి వాకింగ్ పార్కు గేటు, ప్లే స్కూలుకి పిల్లల డాక్టరు వీధి, కూరగాయలు ఇంటికి తెచ్చిచ్చేవాళ్లకి రైతు బజారు దారి. అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్‌ని అడిగి నోటీసు బోర్డు మీద ఒక్కటి అంటించడం వంద గుమ్మాల ముందు వేయడం కంటే ఎక్కువ పనిచేస్తుంది. అసోసియేషన్ అనుమతి తీసుకుని అంటించాలి. గోడలకి, స్తంభాలకి ఇష్టమొచ్చినట్టు అంటించడాన్ని 1997 నాటి చట్టమే నిషేధించింది.

పంచే కుర్రాళ్లు కట్టలు కాలవలో పడేశారని ఫిర్యాదులు వింటుంటాం. నిజమే, అలా జరుగుతుంది. అయితే ఏప్రిల్ ఎండలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెయ్యి గుమ్మాలు ఎక్కి దిగడానికి ఇచ్చే కూలీ ఎంతో, మధ్యాహ్నం భోజనం ఎవరు పెడతారో కూడా అడగాలి. కాగితానికి ఇంత అని లెక్కగడితే తొందరగా వదిలించుకోవాలనే చూస్తారు. రోజు కూలీ కట్టి, నీళ్లూ టోపీ ఇచ్చి, ఏ వీధి నుంచి ఏ వీధి దాకా అని గీసి చూపించి, యజమాని తానే మొదటి గంట వాళ్లతో నడిస్తే పని మరోలా ఉంటుంది. ఆ గంటలో నాలుగు ఇళ్లవాళ్లతో మాట కలుస్తుంది. వ్యాపారం అక్కడే మొదలవుతుంది.

వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టా రీల్, గూగుల్ మ్యాప్‌లో షాపు పేరు, ఆటో మైకు, లోకల్ కేబుల్‌లో స్క్రోలింగ్ ఇన్ని ఉండగా కాగితమెందుకని అడుగుతారు. గూగుల్ మ్యాప్‌లో పేరు పెట్టుకోవడం తప్పనిసరి, అది ఉచితం కూడా. వాట్సాప్ మనల్ని ఇప్పటికే ఎరిగినవాళ్లకి చేరుతుంది. పక్క వీధిలో మనమెవరో తెలియని ఇంటికి చేరేది మాత్రం కాగితమే. రెండింటినీ కలిపే దారి క్యూఆర్ కోడ్. దాన్ని కనీసం 2 సెంటీమీటర్ల చదరంగా, తెల్లటి అంచు వదిలి, లేత నేల మీద ముదురు రంగులో అచ్చేయాలి. స్కాన్ చేస్తే షాపుకి దారి చూపే మ్యాప్ రావాలి. డబ్బు కట్టే యూపీఐ కోడ్ పాంప్లెట్ మీద వేయడం మాత్రం అనవసరం, అనుమానాలకీ తావిస్తుంది.

పంచేసిన కాగితాలు తర్వాత ఏమవుతాయన్నది కూడా ప్రశ్నే. ల్యామినేషన్ చేసిన కాగితం తిరిగి గుజ్జుగా మారదు, పాంప్లెట్‌కి దాని అవసరమూ లేదు. మిగిలిపోయిన కట్టల్ని బజ్జీల బండికి ఇవ్వడం పొదుపనిపిస్తుంది గానీ, అచ్చు సిరా నూనెతో కలిసి తిండిలోకి వస్తుంది. అచ్చయిన న్యూస్‌పేపర్‌లో ఆహారం చుట్టవద్దని ఆహార భద్రతా సంస్థ చెప్పింది ఇందుకే. పాత కాగితాల వాళ్లకి వేసేయడం మంచిది.

ఫలితం లెక్కపెట్టేవాళ్లు అరుదు. దానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఏ వీధి కట్టకి ఆ వీధి పేరున ఒక మూల చిన్న గుర్తు వేయించి, "ఈ కాగితం తెస్తే పప్పు ఉచితం" అని రాస్తే, వచ్చిన కాగితాలన్నీ ఒక డబ్బాలో పడతాయి. అచ్చుకీ, పంపిణీకీ కలిపి 6,000 ఖర్చయిందనుకుందాం. ఒక్కో ఖాతాదారు వల్ల నెలకి 300 మిగిలితే, 20 మంది ఒక నెల వచ్చినా, అయిదుగురు నాలుగు నెలలు వచ్చినా పెట్టింది తిరిగొస్తుంది. వెయ్యి ఇళ్లలో ఆ అయిదుగురిని నిలబెట్టుకోవడమే మొదటి పాంప్లెట్‌కి పెట్టుకోదగ్గ లక్ష్యం. డబ్బాలోని కాగితాలు వీధుల వారీగా విడదీస్తే ఏ వైపు నుంచి జనం వస్తున్నారో, ఏ వైపు అసలు చేరలేదో తెలుస్తుంది. రెండో వెయ్యి అచ్చుకి ఇచ్చేటప్పుడు ఎవరూ అడగని ఐటమ్స్ కొట్టేసి, ఫోన్ చేసినవాళ్లంతా అడిగిన ప్రశ్నకి జవాబు పెద్ద అక్షరాల్లో పైకి తెచ్చి, కాగితం ఒక్కటీ తిరిగిరాని వీధుల్లో ఈసారి వేరే వేళకి పంచి చూడాలి.